తిరుగు దారిలో మోగిన గంట

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు రెండూ కలిపి వెతికినా, దేవుడికి దారి చూపించిన మనిషిని నేనొక్కణ్ణే. ఈ మాట యాభై ఏళ్ల నుంచి చెప్పుకుంటున్నాను. పెళ్లిళ్లలో చెప్పినాను, రైల్లో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పినాను, ఒకసారి పన్ను పీకించుకుంటూ డాక్టరుకు కూడా చెప్పబోయినాను. కుడిచేత గంట, ఎడంచేత లాంతరు పట్టుకుని ముందు నేను. నా వెనక తెల్లస్వామి. ఆయన గుండెల మీద వెండి డబ్బీలో దేవుడు. పన్నెండు ఊళ్లు దాటినాం. గంట వినపడగానే నాగళ్లు ఆగిపోయినాయి, ఎద్దులు మోకాళ్లూనినాయి, ఊరి ఆసాములు అరుగుల మీద నుంచి లేచి తలపాగాలు తీసినారు.

ఎద్దుల సంగతి మీరు మొదటే నమ్మి ఉండరు. మిగతాది కూడా నమ్మొద్దు. పన్నెండు ఊళ్లు కాదు, ఒక్క ఊరు, అందులోనూ ఒక్క వీధి. అది జొన్న కోతల కాలం, నాగలి కట్టినవాడెవడూ లేడు. తలపాగా తీసింది ఒకే ఒక్క ముసలాయన, అదీ మెడ మీద చెమట తుడుచుకోడానికి. గంట నిజం, లాంతరు నిజం, స్వామి నిజం. దేవుడు ఉండటమూ నిజమే. ఆయనకు నేను చూపించిన దారి ఏదో, దాని వల్ల ఏం జరిగిందో, అది మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మనది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. నేను మా విచారణలో ఉపదేశిని. విచారణ అంటే ఒక స్వామి, అంటే ఫాదరు, చూసుకునే పాలేలన్నీ కలిపి. పాలేలంటే పెద్ద ఊళ్లకు ఎడంగా మావాళ్లుండే చోట్లు. స్వామి ఒక్కడు, పాలేలు ఒకదానికొకటి దూరం. అందుకని ఆయన రాలేని ఆదివారాల్లో ఉపదేశి జపాలు చెప్పించాలి, పిల్లలకూ పెద్దలకూ జ్ఞానోపదేశం నేర్పాలి. స్వామి పూజ చేసేటప్పుడు లాటిన్లో జవాబులు చెప్పాలి. నా లాటిన్ విని పోపుగారే ఆశ్చర్యపోవాలని మా ఇంటామెతో అంటుండేవాణ్ణి. ఆమె "ఆశ్చర్యపోతాడులే, ఇదేం భాష అని" అనేది. నిజమే, అందులో ఒక్క ముక్కకు నాకు అర్థం తెలియదు. కానీ అర్థం కాని మాట నోట్లో పెట్టుకుని మోకాళ్ల మీద ఉన్నప్పుడు, స్వామి ఆ తెల్లటి అప్పాన్ని పైకెత్తినప్పుడు, ఎదురుగా ఉన్నది మన తెలివికి అందేది కాదని ఒళ్లు దానంతటదే చెప్పేది. వెంట్రుకలు లేచి నిలబడేవి. ఆ వణుకు నాకు తెలుసు. తెలియనివాడు చేసిన తప్పు వేరు, తెలిసినవాడు చేసిన తప్పు వేరు.

జబ్బుతో గుడికి రాలేనివాళ్లకు, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు, స్వామి ఆ అప్పాన్నే, మాకు సాక్షాత్తు దేవుడే అయిన సత్ప్రసాదాన్ని, ఇంటికే తీసుకుపోయేవాడు. దానికొక మర్యాద ఉంది. ముందు ఒక మనిషి గంట కొడుతూ, వెలిగించిన లాంతరు పట్టుకుని నడవాలి, పట్టపగలైనా సరే. చెప్పులు వేసుకోకూడదు. స్వామి దారిలో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడడు, ఎందుకంటే దేవుడు ఆయన గుండె మీద ఉన్నాడు. గంట విన్నవాళ్లు ఎక్కడున్నా అక్కడే మోకరించాలి. దూరం పాలేలకు పోయేటప్పుడు డబ్బీలో ఒక్క అప్పమే ఉంటుంది. జబ్బుమనిషి అది అందుకున్నాక డబ్బీ ఖాళీ. అప్పుడు లాంతరు ఆర్పేసి, గంట నాలుక పట్టుకుని, మామూలు మనుషుల్లాగా మాట్లాడుకుంటూ తిరిగి రావొచ్చు. తిరుగు దారిలో గంట మోగకూడదు. మోగిందంటే దేవుడు ఇంకా డబ్బీలోనే ఉన్నట్టు. పోయిన పని కానట్టు. ఇది మా పాలేల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. నేర్పింది నేనే.

వాగుకు అవతల పాలెంలో ఒక అవ్వ ఉండేది. పండగ పూజలకు తెల్లవారకముందే బయలుదేరి నడిచి వచ్చేది. సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు, అది అప్పటి నియమం. అవ్వ ఆ నియమాన్ని ఇంకా బిగించుకుంది. వేపపుల్ల నమిలేది కాదు, రసం గొంతులోకి దిగుతుందేమోనని. వాగు దాటేటప్పుడు పెదాలు బిగబట్టుకునేది. సత్ప్రసాదం అందుకున్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇల్లు చేరేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒకసారి నేను ఏదో పలకరిస్తే, మరుసటి పండక్కి వచ్చి జవాబు చెప్పింది: "ఆ పొద్దు నోట్లో దేవుడుండె అబ్బోడా. నీతో మాట్లాడితే ఆయన ఏమనుకుంటాడు?"

ఆమె మొగుడు వానాకాలంలో పోయినాడు. వాగు పొంగి స్వామి దాటలేకపోయినాడు. సత్ప్రసాదం లేకుండానే పోయినాడని అవ్వకు అదొక్కటే దిగులు. గుడి మెట్ల మీద నన్ను పట్టుకుని అడిగింది.

"నాకట్ల కానియ్యొద్దు నాయనా. ఆ యాళ వస్తే కబురంపుతా. దేవుణ్ణి తీసుకురా."

"గంట కొట్టుకుంటా వస్తా అవ్వా. నీ ఇంటి ముందర నిలబడి కొడతా."

"నువ్వు మాటలు శానా చెప్తావు" అనింది. "ఈ ఒక్కటి మాత్రం నిజం చెయ్యి."

ఆ యాళ వచ్చింది. కోతల రోజుల్లో, ఒక మధ్యాహ్నం, అవ్వ కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చినాడు. "అమ్మకు ఊపిరి అందటం లేదు, దేవుణ్ణి అడుగుతాంది" అని చెప్పి, కుండలో నీళ్లు రెండు గుక్కలు తాగి, గిద్దలూరు దిక్కు ఉన్న చెల్లెల్ని పిలుచుకొస్తానని అటునుంచి అటే పోయినాడు. అతను మాతో వచ్చి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

స్వామి అన్నం ముందు కూర్చోబోతున్నవాడు లేచినాడు. చేతులు కడుక్కుని, గుడిలో సత్ప్రసాదం దాచే మందసం తెరిచి, ఒక్క అప్పం డబ్బీలో పెట్టుకున్నాడు. డబ్బీని పట్టుసంచిలో వేసి మెడకు తగిలించుకున్నాడు. ఆ పాలేనికి ఆయన అంతవరకు పోయింది లేదు. ఆయన తెలుగు బడిపుస్తకం తెలుగు. బయలుదేరే ముందు ఒక్కటే అడిగినాడు: "దారి నీకు తెలియును గదా?"

"కళ్లు మూసుకుని పోతాను స్వామీ."

ఆ తర్వాత ఆయన నోరు మూసుకున్నాడు. డబ్బీ మీద రెండు చేతులూ పెట్టుకుని, తల వంచుకుని నా వెనక నడిచినాడు.

నేను లాంతరు తెచ్చుకోడానికి ఇంట్లోకి పోయినప్పుడు చెప్పులు వేసుకున్నాను. కొత్త చెప్పులు, నడిస్తే కిర్రుమనేవి. ఎందుకు వేసుకున్నానో అప్పుడే నాకు తెలుసు. దారిలో ముళ్లున్నాయని మా ఇంటామెతో అన్నాను. ఆమె నా కాళ్ల వైపు, తర్వాత నా మొహం వైపు చూసింది.

వాగు దిగి ఎక్కినాక దారి రెండుగా చీలుతుంది. కుడి వైపు పొలం గట్టు మీదుగా పోతే అవ్వ పాలెం. ఆ చీలిక దగ్గర నిలబడితే ఇళ్ల కప్పులు కనిపిస్తాయి, మనిషి గట్టిగా పిలిస్తే అక్కడ పలుకుతారు. ఎడమ వైపు బండ్ల బాట. అది పెద్ద ఊళ్లోకి పోయి, నడివీధి గుండా సాగి, ఊరి ఆ చివర బయటపడి, చెరుకు తోట చుట్టి వెనక నుంచి పాలెం చేరుతుంది. గట్టు దారికి మూడింతలు.

ఆ నడివీధిలో మా పాలేలవాళ్లు చెప్పులు చేత పట్టుకుని నడవాలి. ఎవరూ రాసి పెట్టలేదు, అది అంతే. మా నాయన అట్లనే నడిచినాడు, ఆయన వెనక నేనూ అట్లనే నడిచినాను. ఒకసారి మరిచిపోయి చెప్పులతో నాలుగడుగులు వేస్తే, అరుగు మీద ఒకాయన దగ్గినాడు. ఉత్త దగ్గు. మా నాయన వెంటనే వంగి నా చెప్పులు తనే ఊడదీసినాడు. ఆ దగ్గు నా చెవిలో ఉండిపోయింది.

ఈ పొద్దు నా వెనక తెల్లస్వామి ఉన్నాడు. నా చేతిలో గంట ఉంది. ఈ పొద్దు ఎవడు దగ్గుతాడో చూద్దామనుకున్నాను. కాళ్లు ఎడమకు తిరిగినాయి.

కాళ్లు తిరిగినాయని రాస్తున్నాను చూడండి, ఇప్పటికీ. నేను తిరిగినాను.

వీధిలోకి అడుగుపెట్టగానే గంట జోరు పెంచినాను. అరుగుల మీద మనుషులు తలలెత్తినారు. తలపాగా తీసి చెమట తుడుచుకుంటున్న ముసలాయన అడిగినాడు: "ఏందిరా, పట్టపగలు లాంతరు? మధ్యాన్నమే చీకటి పడిందా నీకు?"

పక్కనున్నాయన చిన్నగా అన్నాడు: "ఊరుకో మామా, వెనక దొర ఉండాడు."

ముసలాయన నా కాళ్ల వైపు చూసినాడు. దగ్గలేదు. "చెప్పులు కొత్తవేనే" అన్నాడు, అంతే. ఆ మాట విని నాకు పరలోకం తలుపులు తెరుచుకున్నట్టు అయింది. అక్కడి నుంచి నడక నెమ్మది చేసినాను. ఒక్కో అరుగు ముందు ఒక్కో అడుగు ఎక్కువ వేసినాను. చెప్పులు కిర్రుమంటున్నాయి, గంట గణగణమంటోంది. ఆ రెండింటిలో నేను వింటున్నది గంట కాదు.

వీధి సగంలో స్వామి వేలితో నా వీపు మీద తట్టినాడు. తొందరగా పద అని. మాట్లాడకూడదు గదా, వేలితో చెప్పినాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు నడిచినాను.

దేవుడు నా వీపుకు మూరెడు దూరంలో ఉన్నాడు. పూజలో అప్పం పైకెత్తితే వణికే మనిషిని, ఆ వీధి పొడుగునా ఆయన ఉన్నాడన్న సంగతే నాకు గుర్తు లేదు. అరుగుల మీద వాళ్ల కళ్లలో నన్ను నేను చూసుకుంటూ నడిచినాను. ఆ రోజు మోయించుకుంటూ పోయింది నేను, మోసింది ఆయన.

చెరుకు తోట దాటేసరికి ఏడుపు వినపడింది.

అవ్వ ఇంటి ముందు చెప్పులు వదిలి లోపలికి పోయినాను. అవ్వ మంచం మీద ఉంది, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆమె కోడలు, అప్పుడు ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో, తలదగ్గర కూర్చుని ఏడుస్తోంది. "ఇప్పుడే, ఇప్పుడే" అనింది. స్వామి నాడి చూసినాడు. మోకరించినాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు రాసే తైలం తీసి, ప్రాణం ఇంకా ఉంటే గనక అన్న మాట ముందు పెట్టుకుని, నుదుటి మీద రాసినాడు. తైలానికి ఆ వెసులుబాటు ఉంది. సత్ప్రసాదానికి లేదు. పోయిన మనిషి నోట్లో దేవుణ్ణి పెట్టకూడదు.

స్వామి కోడలి వైపు చూసినాడు. ఏం అడగాలనుకున్నాడో ఆమెకు ఎట్ల తెలిసిందో, తనే చెప్పింది: "పొద్దున్నుంచి తెలివి లేదు స్వామీ. ఏమీ తెలియకుండానే పోయింది."

ఆ మాట నాకు మండుటెండలో మంచినీళ్లు దొరికినట్టు అయింది. తెలివి లేదంటే ఎదురుచూడలేదన్నమాట. ఎదురుచూడలేదంటే నా తప్పు కొంచెం చిన్నదయినట్టే. యాభై ఏళ్లు ఆ చిన్నదాన్నే పట్టుకుని బతికినాను.

బయటికి వచ్చి నేను బండ్ల బాట వైపు తిరగబోయినాను. చెప్పులు అక్కడే వదిలేసినాను, వేసుకోబుద్ధి కాలేదు. కోడలు గడపలోకి వచ్చి, ఏడుపు మధ్యలో, మామూలుగా అనింది: "మళ్లా ఊళ్లో నుంచి ఎందుకు తిరిగేదన్నా? ఇట్ల గట్టు మీద పోతే వాగు ఇదిగో."

స్వామి గట్టు వైపు చూసినాడు. ఆ చివర వాగు, చీలిక దగ్గరి రాళ్లు కనిపిస్తున్నాయి. తర్వాత నా వైపు చూసినాడు. మాట్లాడటానికి లేదు. డబ్బీ నిండుగా ఉంది. చెయ్యెత్తి గట్టు వైపు చూపించినాడు.

నేను గంట కొట్టాలి. దేవుడు డబ్బీలోనే ఉన్నాడు గనక కొట్టకుండా ఉండటానికి లేదు. గట్టు మీద పోతుంటే అటూ ఇటూ జొన్న చేలల్లో మావాళ్లే కోస్తున్నారు. గంట విని కొడవళ్లు కింద పెట్టి మోకరించినారు. మేము ఏ దిక్కు నుంచి వస్తున్నామో చూసి, ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్కో దెబ్బ కొట్టినప్పుడల్లా "అవ్వకు అందలేదు, అవ్వకు అందలేదు" అని ఊరూరా నేనే చాటుకుంటూ పోతున్నట్టు ఉంది. గంట వీలైనంత మెల్లగా కొట్టినాను. వెనక నుంచి స్వామి వేలు మళ్లీ నా వీపుకు తగిలింది. గట్టిగా కొట్టమని. దేవుడు పోతున్నప్పుడు జనానికి వినపడాలి గదా.

మా పాలెంలో మా ఇంటామె గడపలో నిలబడి ఉంది. గంట విని మోకరించింది. నేను ముందు నుంచి పోతుంటే నా ఒట్టి కాళ్లు చూసింది. తల వంచుకుంది.

గుడిలో స్వామి డబ్బీని మందసంలో పెట్టి, తాళం వేసి, చాలాసేపు మోకాళ్ల మీద ఉన్నాడు. లేచి నా వైపు తిరిగి మొదటి మాట మాట్లాడినాడు: "ఆ దగ్గర దారి కలదని నీకు తెలియునా?"

"తెలియదు స్వామీ" అన్నాను.

వారం వారం ఆ పాలెం పోయి జపాలు చెప్పించి వచ్చే ఉపదేశిని. కళ్లు మూసుకుని పోతానని చెప్పినవాణ్ణి. మందసం ముందర నిలబడి ఆ మాట అన్నాను. ఆయన "సరే" అన్నాడు. నమ్మినాడో, నమ్మినట్టు ఉన్నాడో నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు. మళ్లీ ఎవరికో జబ్బు చేస్తే ఆ గంట నా చేతికే ఇచ్చినాడు. వేరేవాడికి ఇమ్మని నేనే అంటానేమోనని చూసినాడేమో. నేను తీసుకున్నాను.

చేసిన పాపం స్వామి చెవిలో ఒప్పుకోవాలి, అది పాపసంకీర్తనం. ఆయన దగ్గర చేయలేకపోయినాను. రైలెక్కి పోయి, నన్నెరగని వేరే స్వామి దగ్గర మోకరించి, "ఒక అబద్ధం చెప్పినాను" అన్నాను. ఏ అబద్ధమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు, మరియమ్మకు చెప్పుకునేవి, చెప్పమన్నాడు. స్టేషన్లో కూర్చుని చెప్పేసినాను. ఆ తర్వాత ఈ కథ నేను మొదలుపెట్టినాను. పన్నెండు ఊళ్లు, ఎద్దులు, తలపాగాలు. ఒక్కో ఏడాదికి ఒక్కో ఊరు కలిపినాననుకోండి.

ఒకసారి మా మనవడికి అసలు సంగతిలో సగం చెప్పినాను, వీధి వరకు. వాడు చదువుకున్నవాడు. "తప్పేముంది తాతా, ఆ వీధిలో చెప్పులతో నడిచినావు, మంచి పనే చేసినావు" అన్నాడు. నడవడం తప్పని నేనూ అనడం లేదు. మా నాయన కోసం నడవాల్సిందే. ఇంకే రోజైనా నడవొచ్చు, ఒంటరిగా నడవొచ్చు, దగ్గితే దగ్గనీ అని నడవొచ్చు. ఆ ధైర్యం నాకు లేదు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నడిచినాను. అవ్వ కోసం బయలుదేరిన దేవుణ్ణి నా పనికి వాడుకున్నాను. మనవడికి రెండో సగం చెప్పలేదు.

ఇదంతా రాసి, కాయితాలు తీసుకుని అవ్వ కోడలి దగ్గరికి పోయినాను. ఆమె ఇప్పుడు ముసలామె, ఆ పాలెంలోనే ఉంది. ఆమెకు చదువు రాదు. వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే, ఎదురుగా కూర్చుని మొత్తం చదివి వినిపించినాను. ఎద్దుల దగ్గర నవ్వింది. వీధి దగ్గర నవ్వలేదు. గింజలు తీయడం ఆపలేదు.

"అయిపోయిందా?" అనింది.

"అయిపోయింది."

"చెప్పులు వదిలేసి పోయినానని రాసుకున్నావు. మర్నాడు పొద్దున్నే మీ తమ్ముణ్ణి పంపిచ్చి తెప్పిచ్చుకుంటివి గదన్నా."

మరిచిపోయినాను, కొట్టేస్తానన్నాను.

"పొద్దున్నుంచి తెలివి లేదనేది గూడా కొట్టెయ్."

"అది నువ్వే గదమ్మా స్వామికి చెప్పింది."

"నీ పని తీసేస్తాడని చెప్పినా. నీకప్పుడు ఇద్దరు బిడ్డలు." చింతగింజ ఒకటి చేటలో వేసింది. "మా అత్తకు ఆఖరిదాకా తెలివి ఉండె. మంచినీళ్లు అడిగింది. నేను చెంబు ముంచుకొచ్చేలోపల వాగు కాడ గంట వినపడింది. దేవుడొస్తాండాడు, నీళ్లొద్దనింది. నోరు తెరుచుకుని పడుకునింది. గంట ఇట్ల రాలా. అట్ల దూరమై పాయె. 'అటు పోతాడేందే' అని నన్నడిగింది. రెండుసార్లు అడిగింది. అన్నా, జరిగింది అది. నువ్వు రాసింది కాదు."